పిల్లల ఎదనొప్పి – తల్లిదండ్రులు తెలిసికొనదగిన విషయములు

గత సంవత్సరము మన పాఠశాలలో పదవ తరగతి చదివిన యొక బాలిక వృత్తాంతముతో ఈ వ్యాసమును ప్రారంభింతుము. పేరు చెప్పవలదనియు, విషయమును మాత్రము నలుగురకు తెలియజేయుడనియు ఆ బాలికయు, ఆమె తల్లిదండ్రులును మాకు అనుమతి నిచ్చిరి.

పదునైదేండ్ల ప్రాయమున ఆమెకు రొమ్ముటెముకకు ఎడమ ప్రక్కను నొప్పి యారంభమయ్యెను. కొన్ని వారములకు ఆ తావుననే రేగుపండంత బుడిపె చేతికి తగిలెను. మరికొంత కాలమునకు చంకనుండి దండచేతి లోపలివైపున జానెడు మేర మొద్దుబారినట్లయ్యెను. ఇంటివారు గుండెజబ్బేమోయని భయపడి రెండు మూడు చోట్ల చూపిరి. ఇ.సి.జి. తీసిరి, ఎక్స్‌-రే తీసిరి, రక్తము పరీక్షించిరి. అన్నియు సరిగనే యున్నవి. “ఏమియు లేదు, పొండు” అని పంపివేసిరి.

ఆ మాట ఊరట గావలసినది. కాని నొప్పి పోలేదు. పైగా నాటినుండి ఆ బాలికకు రెండవ బాధ మొదలయ్యెను. ఏమియు లేదని వైద్యులే చెప్పిన పిదప, ఉన్నదని చెప్పుచున్న పిల్ల అబద్ధమాడుచున్నదని ఇంటిలో తలచిరి. వ్యాయామపు గంటలో ఆమె చెట్టుక్రింద కూర్చుండిపోయినప్పుడెల్ల, పరీక్షల భయముచే నటించుచున్నదని ఉపాధ్యాయులమైన మేమును తలచితిమి. ఒకనాడు తరగతిలో అందరియెదుట ఆ మాట అంటిమి కూడ. తప్పు మాది. ఈ వ్యాసము వ్రాయబూనుటకు అదియే ముఖ్యకారణము.

మాటలోనే యున్న చిక్కు

మన తెలుగువారికి ‘గుండె’ యనుమాట రెండర్థములనిచ్చును. లోపల కొట్టుకొను హృదయమును గుండెయే. దానిపై నుండు రొమ్ము భాగమంతయు గుండెయే. “గుండెలమీద చేయి వేసికొని చెప్పు” మన్నప్పుడు మనము చేయి వేయునది రొమ్ముమీదనే గదా! పిల్లవాడు “గుండె నొప్పి” యనినచో, వాడు చూపుచున్నది ప్రక్కటెముకనే యైనను, పెద్దల మనస్సు హృదయముమీదికి పోవును. మన చుట్టునున్న తమిళములోను ఇదే చిక్కు. ‘నెంజు’ అనగా ఎదయు నగును, హృదయమును నగును. “నెంజు వలి” యని చెప్పగానే ఎదుటివారికి తోచునది గుండెపోటే. చేతిఫోనులలో దినదినము వచ్చు వార్తలు ఆ భయమును మరింత పెంచుచున్నవి.

వాస్తవమేమనగా, పిల్లలలోను, పదునాలుగు పదునైదేండ్ల ప్రాయమువారిలోను వచ్చు ఎదనొప్పులలో హృదయమునకు సంబంధించినవి నూటికి అయిదారింటికి మించవని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మిగిలినవానిలో పెద్దభాగము ఎదగోడకు సంబంధించినవి. ఎదగోడ యనగా ఎముకలు, మృదులాస్థులు, కండరములు, నాడులు, చర్మము కలిసి యేర్పడిన పంజరము. ఇంటికి గోడ పగిలినను ఇంటిలోనివారు క్షేమముగా నుండవచ్చును. అట్లని గోడ పగులలేదని యనరాదు.

ఎదగోడ నిర్మాణము

మనకు ప్రక్కటెముకలు పన్నెండు జతలు. మొదటి 7 జతలు ముందువైపున మృదులాస్థియను మెత్తని యెముకద్వారా నేరుగా రొమ్ముటెముకకు అతుకబడియున్నవి. 8, 9, 10 జతలు తమ పైనున్న మృదులాస్థిని ఆనుకొనియున్నవి. 11, 12 జతలు ముందువైపున దేనికిని అంటక విడిగా నుండును. ప్రతి యెముక క్రింది అంచును ఆనుకొని యొక నాడి వెన్నెముకనుండి ముందునకు వచ్చుచున్నది. ఆ నాడియే ఆ వరుసలోని చర్మమునకు స్పర్శజ్ఞానము నిచ్చును.

మోకాలు నొచ్చినచో కాలు చాచి పరుండవచ్చును. ఎదగోడ కీళ్లకు అట్టి విశ్రాంతి లేదు. మన పెద్దలు మానవునకు దినమునకు 21,600 శ్వాసలని లెక్క చెప్పిరి. అనగా నిమిషమునకు పదునైదు. అన్ని మారులును ఆ పంజరము పైకెత్తబడి క్రిందికి దిగుచునే యుండవలెను. అక్కడ కలిగిన చిన్న వాపు సైతము మానుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టుటకు ఇది యొక కారణము.

నొప్పులలో భేదములు

ప్రక్కటెముక మృదులాస్థితో కలియు చోటను, మృదులాస్థి రొమ్ముటెముకతో కలియు చోటను తాపము పుట్టుట సర్వసాధారణము. చాలకాలము దగ్గినను, బరువులెత్తినను, క్రికెట్టులో బంతి విసరినను, కబడ్డీలో దెబ్బ తగిలినను ఇది రావచ్చును. కారణమేమియు కానరాకయు రావచ్చును. ఒక వ్రేలితో ఆ కీలుపై నొక్కినచో పిల్లవాడు “అదే, అదే నొప్పి” యని యులికిపడును. సాధారణముగా ఇందులో వాపు పైకి కనబడదు.

అట్లుగాక రెండవ లేక మూడవ ప్రక్కటెముకయొద్ద నొప్పితోపాటు గట్టి బుడిపె లేచినచో దానికి వేరొక పేరు కలదు. 1921లో అలెగ్జాండరు టీట్జె యను జర్మను శస్త్రవైద్యుడు దానిని వర్ణించెను. ఆయన పేరుననే దానిని పిలుచుచున్నారు. ఇది యెక్కువగా నలువది యేండ్ల లోపువారికి వచ్చును. నొప్పి తగ్గిన తరువాతను బుడిపె కొంతకాలము నిలిచియుండవచ్చును. ఇది ప్రాణాపాయకరమైనది కాదు.

మూడవది మరియొక విచిత్రమైన నొప్పి. పిల్లవాడు కూర్చుండి చదువుకొనుచుండగా సూదితో పొడిచినట్లు ఎడమవైపున ఒక పోటు వచ్చును. ఊపిరి పీల్చబోయినచో అది హెచ్చును. వాడు ఊపిరి బిగబట్టి కదలక కూర్చుండును. కొన్ని క్షణములనుండి మూడు నిమిషముల లోపల, వచ్చినది వచ్చినట్లే పోవును. 1955లో మిల్లరు, టెక్సిడారు అను అమెరికా వైద్యులు దీనిని గూర్చి వ్రాయుచు, ఇది ఉపేక్షింపబడిన వ్యాధిలక్షణమనిరి. దీనికి మందు అక్కరలేదు. యౌవనము ముదిరినకొలది సాధారణముగా తనంతట పోవును.

నాల్గవది ఎదకు దిగువ అంచున వచ్చునది. 8, 9, 10 ప్రక్కటెముకలకు పట్టు తక్కువయని పైన చెప్పితిమి. ఆ పట్టు సడలినచో ఎముక కొన జారి పై యెముక క్రిందికి పోయి అచటి నాడిని ఒరయును. వంగినపుడు, తిరిగినపుడు ‘టక్కు’మని శబ్దమై, కలుక్కుమని నొప్పి పుట్టును. దీనిని కడుపునొప్పియని పొరబడి ఏండ్లతరబడి ‘గ్యాసు’ మందులు మ్రింగువారు గలరు.

తిమ్మిరియు మొద్దుబారుటయు

తిమ్మిరి వేరు, మొద్దుబారుట వేరు. చీమలు ప్రాకినట్లుండునది తిమ్మిరి. ముట్టుకొన్నను తెలియనిది మొద్దు. పిల్లలు రెంటిని ఒకటే మాటతో చెప్పుదురు. పెద్దలు విడదీసి అడుగవలెను.

ప్రక్కటెముకల నడిమి నాడి ఒత్తుకొన్నచో వెన్నునుండి రొమ్మువరకు పట్టీవలె మంటయో, మొద్దుదనమో కలుగును. రెండవ ప్రక్కటెముక వరుసనుండి వచ్చు నాడిశాఖ యొకటి చంకకును, దండచేతి లోపలివైపునకును స్పర్శ నిచ్చును. కావున ఎదలోని చిక్కు చేతిలో తెలియుట వింత గాదు. ఇట్టి పట్టీ మంట పుట్టిన కొలది దినములకు ఆ వరుసలోనే నీటిపొక్కులు లేచినచో అది సర్పి. తమిళమున ‘అక్కి’ యందురు. చిన్ననాడు వచ్చిన ఆటలమ్మ క్రిములే నాడిలో దాగియుండి మరల తలయెత్తుటవలన ఇది కలుగును. దానిపై కావి పూయించుట మన ప్రాంతమున ఆచారము. పూత పూసినను పూయకున్నను, పొక్కులు లేచిన మూడు దినముల లోపల వైద్యునికి చూపినచో పనిచేయు మందులు గలవు.

భయపడిన పిల్లవాడు వేగముగా ఊపిరి తీయును. అందువలన రక్తములో బొగ్గుపులుసు వాయువు తగ్గి పెదవులచుట్టును, వ్రేళ్ల కొనలయందును తిమ్మిరి పుట్టును. ఆ తిమ్మిరిని చూచి భయము హెచ్చును. భయమువలన ఊపిరి ఇంకను వేగమగును. అట్టివేళ ప్రక్కన కూర్చుండి, మెల్లగా ఊపిరి విడువుమని చెప్పుచు, తానును వానితోపాటు విడుచుచుండుట ఉత్తమము.

ఒక్కటి మాత్రము మరువరాదు. చర్మముపై తెల్లబారిన లేక ఎఱ్ఱబారిన మచ్చ యుండి ఆ మచ్చపై స్పర్శ లేకున్నచో తప్పక ప్రభుత్వ వైద్యశాలలో చూపవలెను. అది కుష్ఠు కావచ్చును. దానికి పూర్తిగా నయమగు మందులు ఉచితముగా నిచ్చుచున్నారు. సిగ్గుపడి దాచుటవలననే నష్టము.

బుడిపెలు, గడ్డలు

వయస్సు వచ్చుచున్న పిల్లలలో కనబడు గడ్డలు చాలవరకు నిరపాయకరములు. ఎనిమిది మొదలు పదమూడేండ్ల ప్రాయమున బాలికలకు చనుమొన క్రింద బిళ్లవంటి గట్టిదనము మొదట ఒకవైపుననే రావచ్చును, ముట్టుకొన్నచో నొచ్చును. అది రొమ్ము పెరుగుటకు ఆరంభము మాత్రమే. గడ్డయని తలచి దానిని కోయించరాదు. కోసినచో ఆవైపు రొమ్ము పెరుగకపోవును. బాలురలోను ఇంచుమించు సగముమందికి ఈ ప్రాయమున అట్టి బిళ్ల కనబడును. వారు చొక్కా విప్పుటకు సిగ్గుపడి స్నేహితులకు దూరమగుదురు. అది చాలమందిలో రెండేండ్ల లోపల అణగిపోవును. ఈ సంగతి తండ్రి కుమారునకు ముందుగా చెప్పియుంచినచో ఎంతో మేలు.

పదునైదేండ్లు దాటిన బాలికలలో వ్రేలిక్రింద జారుచు, నొప్పి లేకుండ, గోలీవలె నుండు గడ్డ సాధారణముగా క్యాన్సరు కాదు. ఐనను వైద్యురాలికి చూపి అల్ట్రాసౌండు పరీక్ష చేయించవలెను. మెత్తగా కదలునది కొవ్వుగడ్డ కావచ్చును. చంకలో బిళ్ల కట్టినచో చేతిమీద పుండో, గాయమో కలదేమో వెదకవలెను. రొమ్ముటెముక తుదను చిన్న మొన యుండును. చిక్కిన పిల్లలలో అది పైకి తగులును. దానిని క్రొత్తగా కనిపెట్టి నిద్రమానినవారు పెద్దలలోనే గలరు!

పరీక్షలలో ఏల కానరాదు?

1895లో రాంట్‌జన్ కనిపెట్టిన ఎక్స్‌-కిరణములు ఎముకను చక్కగా చూపును. మృదులాస్థిని చూపలేవు, నాడిని చూపలేవు. ఇ.సి.జి. హృదయపు విద్యుత్తును మాత్రమే వ్రాయును. కావున “పరీక్షలలో ఏమియు లేదు” అనుమాటకు “అపాయకరమైనవి వేనిని మేము వెదకితిమో అవి లేవు” అని యర్థము. “నొప్పి లేదు” అని యర్థము గాదు. ఈ రెంటికిని గల భేదమును గ్రహింపక మేమును, మనవంటి పెద్దలెందరో పిల్లలను నొప్పించితిమి.

వెంటనే చూపవలసిన గుర్తులు

చాలవరకు అపాయము లేదన్నంత మాత్రమున ఉపేక్షింపరాదు. ఈ క్రింది గుర్తులున్నచో జాగు చేయక వైద్యశాలకు పోవలెను.

1. పరుగెత్తునపుడు, ఆడునపుడు నొప్పి వచ్చుట, స్పృహ తప్పుట, గుండె అదరుట.
2. కుటుంబములో చిన్న వయస్సుననే ఎవరైన హఠాత్తుగా మరణించియుండుట.
3. గొంతునొప్పి వచ్చిన కొన్ని వారములకు కీళ్లు వాచి, జ్వరము, ఆయాసము కలుగుట. ఇది గుండె కవాటములను పాడుచేయు జ్వరము కావచ్చును.
4. ఉన్నట్టుండి ఒకవైపున నొప్పియు ఆయాసమును వచ్చుట. పొడవుగా, సన్నగా నుండు యువకులలో ఊపిరితిత్తి నుండి గాలి జారుటవలన ఇట్లగును.
5. గడ్డ నానాటికి పెరుగుట. రాయివలె గట్టిగా నుండి కదలకుండుట. రాత్రులందు నిద్ర పట్టనీయని నొప్పి. ఎముకలో పుట్టు దుష్టవ్రణములు అరుదేగాని లేకపోలేదు.
6. సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, రెండు వారములు దాటిన దగ్గు. లేక వేడి గాని యెఱ్ఱదనము గాని లేని మెత్తని వాపు. ఇవి క్షయ లక్షణములు కావచ్చును. ప్రభుత్వ వైద్యశాలలలో పరీక్షయు చికిత్సయు ఉచితము.
7. మొద్దుదనము వ్యాపించుట, చేయి గాని కాలు గాని బలహీనమగుట.

నొప్పితో కాలము గడుపుట

ఈ గుర్తు లేవియు లేవని వైద్యుడు తేల్చిన పిదపను నొప్పి నిలిచియున్నచో ఏమి చేయవలెను? మొదట, పిల్లవాని మాట నమ్మవలెను. వేడి కాపడము పెట్టవచ్చును. వైద్యుడు చెప్పిన మోతాదున పారాసిటమాలు ఇయ్యవచ్చును. పదునారేండ్ల లోపువారికి ఆస్పిరిన్ తమంతట ఇయ్యరాదు. గట్టిగా మర్దనము చేయుట, ఎముక సరిచేయుదునని విరుచుట, వాతలు పెట్టుట ఎంతమాత్రము కూడదు. బుడిపెను మాటిమాటికి నొక్కి చూచినచో అది మానదు. నెలకొకమారు చూచి కొలత వ్రాసికొనిన చాలును.

పుస్తకముల సంచి బరువు పిల్లవాని బరువులో పదవవంతునకు మించరాదని 2020 నాటి బడిసంచి విధానమున కేంద్రప్రభుత్వము చెప్పినది. సంచిని ఒక భుజముననే వ్రేలాడదీయక రెండు భుజములకును తగిలింపవలెను. గూనివలె వంగి ఫోను చూచుట తగ్గింపవలెను. బడి మాన్పింపరాదు, ఆటలు పూర్తిగా మాన్పింపరాదు. నొప్పి తగ్గినకొలది కొంచెము కొంచెముగా హెచ్చింపవలెను.

చిన్న నోటుపుస్తకమొకటి పెట్టుట మంచిది. ఏనాడు, ఏ వేళ, ఎచ్చట, ఎంతసేపు, ఏమి చేయుచుండగా వచ్చెనో పిల్లవాడే వ్రాసికొనవలెను. అట్టి నాలుగు పుటలు వైద్యునికి ఎక్స్‌-రేకంటె ఎక్కువ చెప్పగలవు.

ఇచటనే మన భాష పనికివచ్చును. పైన చెప్పిన బాలికను చివరకు ఒక వృద్ధ వైద్యురాలి యొద్దకు తీసికొనిపోయిరి. తండ్రిగారు తమిళమున “వలి, వలి” యని మాత్రమే చెప్పుచుండిరి. వెంట వెళ్లిన అమ్మమ్మగారు మనుమరాలిని తెలుగులో అడిగిరి: “సలుపుచున్నదా తల్లీ, పోటా, మంటా, లాగుచున్నదా, పీకుచున్నదా?” అంతవరకు మాట్లాడని పిల్ల నోరు విప్పెను. నొక్కినచో పోటనియు, చేతిలో మంట లేదు, మొద్దు మాత్రమే యనియు చెప్పెను. తండ్రిగారు దానిని ‘కుత్తల్’ అనియు, ‘మరత్తుపోచ్చు’ అనియు తమిళమున చెప్పగా, వైద్యురాలు ఒక్కొక్క ప్రక్కటెముకను వ్రేలితో నొక్కుచు వచ్చిరి. మూడవదానియొద్ద పిల్ల కేకవేసెను. టీట్జె వర్ణించిన బాధయే యని వైద్యురాలు చెప్పిరి. చేతి మొద్దుదనమునకు ఆ నాడిశాఖ కారణము కావచ్చును గాని నిశ్చయముగా చెప్పజాలననియు, ఆరునెలలు కనిపెట్టి చూతమనియు ఆమె దాపరికము లేక పలికిరి. బాధకు కారణము పూర్తిగా తెలియకున్నను, తన మాట నమ్మిన పెద్దయొకరు దొరకిరని ఆ రాత్రి బాలిక హాయిగా నిద్రించినదట.

మన పిల్లలు బడిలో, బజారులో, వైద్యశాలలో వేరు భాషలు మాట్లాడుచున్నారు, అది అవసరమే. కాని బాధను పిల్లలు మొదట చెప్పుకొనునది ఇంటి భాషలోనే. సలుపు, పోటు, మంట, తీపు, తిమ్మిరి, మొద్దు అనుమాటలు ఇంటిలో వినబడుచుండవలెను. వానికి సరియైన తమిళ పదములను కూడ నేర్పవలెను. ముఖ్యముగా బాలికలు ఎదకు సంబంధించిన బాధను తల్లికి సైతము చెప్పుకొనక దాచుదురు. తల్లియే ముందుగా అడుగవలెను, అడిగినపుడు విసుగుకొనరాదు.

ఆ బాలిక ఇపుడు పదునొకండవ తరగతి చదువుచున్నది. బుడిపె చిన్నదయ్యెనేగాని పూర్తిగా పోలేదు. మొద్దుదనము బొటనవ్రేలంత మేర మిగిలియున్నది. చలికాలమున ఒక్కొక్కనాడు నొప్పి వచ్చును. వచ్చిననాడు ఆడదు, పోయిననాడు రింగు టెన్నిసు ఆడును. మేము ఏ తరగతిలో ఆ మాట అంటిమో ఆ తరగతిలోనే, అందరియెదుట, దానిని వెనుకకు తీసికొంటిమి. ఆమె ఏమియు అనక తలవంచి నవ్వెను.

ఈ సంవత్సరము మీ యింటిలో ఏ బిడ్డయైన “ఇచట నొచ్చుచున్న” దని ఎదమీద వ్రేలు పెట్టి చూపినచో, పనులు కొంచెము ఆపి, ఆ వ్రేలు ఎచ్చట నున్నదో ముందు చూడవలసినదిగా తల్లిదండ్రులను ప్రార్థించుచున్నాము.